పోయింది, వచ్చింది

ప్రియమైన అత్తయ్యకు,

ఈ పిలుపు దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. విడాకుల కాగితాల మీద సంతకాలయ్యాక మిమ్మల్ని అత్తయ్యా అని పిలవొచ్చో లేదో లాయరు చెప్పలేదు, నేనూ అడగలేదు. ‘ఆంటీ’ అని రాసి చూశాను. ఎవరో పక్కింటావిడకి రాస్తున్నట్టుంది. అందుకని పాత పిలుపే ఉంచేశాను. మీకు ఇబ్బందైతే చెప్పండి, మానేస్తాను.

ఉద్యోగంలో చేరాను. పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ ప్లాస్టర్ అచ్చులై నా బల్ల మీద వరసగా ఉంటాయి. ఒక్కటీ మాట్లాడదు. మైనంలో పళ్ళు నిలబెట్టడం, చిగుళ్ళకి రంగు కలపడం, అరగదీయడం, ఇదీ పని. పనికేం, బాగానే ఉంది. పక్క బల్లాయన చెవుల్లో వైర్లు పెట్టుకుని పాటలు వింటాడు. కాబట్టి రోజంతా నేను పైకి అనేది ‘ఇది అయిపోయింది, తీసుకెళ్ళండి’ అన్న ముక్క ఒక్కటే.

గది పై అంతస్తులో. నా నెత్తిన డాబా, డాబా మీద నీళ్ళ ట్యాంకు, లిఫ్టు మోటారు గది. కింద టైర్లకి పంక్చర్లు వేసే షాపు. కాలిన రబ్బరు వాసన ఇక్కడిదాకా వస్తుంది. డాబా తాళం వాచ్‌మన్ దగ్గరుండేది. టెలిస్కోపు పెట్టుకోవాలి, తాళం ఇవ్వమంటే ‘ఎవరింట్లోకి చూడ్డానికి?’ అన్నాడు. ఎవరింట్లోకీ కాదు, ఆకాశంలోకి అంటే నమ్మలేదు. చివరికి అతన్నే పైకి తీసుకెళ్ళి చంద్రుణ్ణి చూపించాను. అప్పట్నుంచి తాళం నాదే.

మీరిచ్చిన టెలిస్కోపు క్షేమంగా చేరింది. దుప్పటి చుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను. పక్క సీటావిడ పసిబిడ్డ అనుకుని జరిగి చోటిచ్చింది. నేనూ కాదనలేదు.

ఊరూరా మనలాంటివాళ్ళ చేత ఆకాశం చూయించే లెక్కల మాస్టారి కబురు మీకూ అందే ఉంటుంది. వచ్చే నెల ఆ గ్రహశకలం ఒక నక్షత్రానికి అడ్డం వస్తుందట. దాని నీడ మీ ఊరి మీదుగా పోతుంది. మా ఊరు నీడ అంచుకి బయట పడింది. ఇక్కడ ఏమీ జరగకపోవచ్చు, అయినా చూడమన్నారు. చూస్తాను. సాయంత్రాలు నాకు వేరే పనేం ఉంది?

మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మీ అబ్బాయి గురించి అడగను. బాగానే ఉన్నాడనుకుంటాను.

ఇట్లు,
(ఇక్కడ ఏం రాయాలో తోచక వదిలేశాను)


ప్రియమైన గుడ్లగూబా,

అత్తయ్య అనక ఇంకేమంటావు? విడాకులు తీసుకున్నది నువ్వూ వాడూను. నన్నెవరూ సంతకం అడగలేదు. ఇంకోసారి ‘ఇబ్బందైతే’ అని రాశావంటే ఆ ఉత్తరం చింపి పొయ్యిలో పెడతాను. సంతకం సంగతి కూడా అంతే. కోడలని రాసుకో, గుడ్లగూబ అని రాసుకో, నీ చేతిరాత నాకు తెలీదా?

నేను రాస్తుంటే మా వాడు చూసి ‘ఫోను చెయ్యొచ్చుగా అమ్మా’ అన్నాడు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరందరి మాటలూ కలిపాను. ఇప్పటికీ రిసీవరు చెవికి ఆనించగానే ‘నంబరు చెప్పండి’ అనబుద్ధవుతుంది తప్ప మనసులో మాట పైకి రాదు. నాకు కాగితమే నయం.

మీ వాచ్‌మన్ ఆ బండ గురించి అడిగితే ఇలా చెప్పు. అంగారకుడికీ బృహస్పతికీ మధ్య లక్షల బండలు తిరుగుతున్నాయి, అందులో ఇదొకటి. ఒక జిల్లా అంత ఉంటుంది. అయినా మన టెలిస్కోపులకి కనపడనే కనపడదు. పెద్దపెద్ద వాటిలో చూసినా చుక్కే, ఆకారం తెలీదు. అది వెళ్ళి ఒక నక్షత్రానికి అడ్డం నిలబడితే మాత్రం నక్షత్రం చటుక్కున ఆరిపోతుంది. నాలుగైదు సెకన్లకి మళ్ళీ వెలుగుతుంది. ఏ ఊళ్ళో ఎంతసేపు ఆరిందో, ఏ ఊళ్ళో అసలు ఆరలేదో అన్నీ కలిపి గీస్తే బండ రూపం బయటపడుతుంది. అందుకని ‘ఇక్కడ ఏమీ జరగలేదు’ అన్న కబురు కూడా మాస్టారికి కావాలి. ఊరికే కూర్చోబెట్టారని అనుకోకు.

నేర్పింది మరిచిపోకు. ముందే వెళ్ళి కళ్ళు చీకటికి అలవాటు చేసుకో. రేడియోలో సెకనుకొకటి చొప్పున వచ్చే టైము టిక్కులు పెట్టు, రికార్డరు నొక్కు. నక్షత్రం పోగానే ‘పోయింది’ అను, రాగానే ‘వచ్చింది’ అను. ఆలోచించి అనొద్దు. మెడకి శాలువా చుట్టుకో.

ఇంకో సంగతి. పరాయివాళ్ళ నోట వినేకన్నా నా నోట వినడం మంచిది. వాడికి సంబంధం కుదిరింది. అమ్మాయి బళ్ళో డ్రాయింగ్ టీచరు. హడావుడి ఏమీ లేదు, రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలంతే. ఆ పిల్లని చూశాను. ఏదైనా వంక పెడదామని చూశాను, దొరకలేదు. దాంతో నాకు కాస్త కోపంగానే ఉంది.

అన్నం మానకు.

నీ అత్తయ్య


ప్రియమైన అత్తయ్యకు,

సంబంధం కబురుకి సంతోషం. ఈ వాక్యం రాసి కొట్టేసి మళ్ళీ రాశాను. ఇప్పుడు నిజంగానే రాస్తున్నాను. మీ అబ్బాయి చెడ్డవాడు కాదు, నేనూ కాదు. ఒకే గదిలో ఉండి ఇద్దరం మాట్లాడుకోవడం మానేశాం, ఎప్పుడు మానేశామో కూడా గమనించుకోలేదు. ఆ అమ్మాయితోనైనా మాట్లాడితే బాగుండు.

మీ దగ్గర మబ్బు పట్టిందని మాస్టారు చెప్పారు. ఎంత తిట్టుకుని ఉంటారో ఊహించాను. ఇక్కడ ఆకాశం శుభ్రంగా ఉంది. చీకటి పడగానే డాబా మీదకి వెళ్ళాను, మీరు చెప్పినట్టే చేశాను, శాలువాతో సహా.

అత్తయ్యా, నక్షత్రం పోయింది.

అనుకున్న సమయానికి కాదు, దానికి కాస్త ముందు. ‘పోయింది’ అనేలోపే వచ్చేసింది కూడా. రికార్డులో నా రెండు మాటలూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆ తర్వాత అసలు సమయం వచ్చి వెళ్ళింది. నక్షత్రం కదలకుండా అలాగే ఉంది.

మాస్టారికి పంపాను. మర్యాదగానే జవాబిచ్చారు. ‘కొత్త చోటు, పగలంతా సన్నపని, కళ్ళు అలిసి ఉంటాయి. రెప్ప వేసి ఉంటావమ్మా. లేదా ఏ పక్షో. మీ ఊరికి ఏమీ జరగలేదనే వేసుకుంటున్నాను’ అన్నారు. ఆ సాయంత్రం మిగతా ఊళ్ళలో చూసినవాళ్ళెవరికీ అలా ముందుగా ఆరడం కనపడలేదట.

నేను రెప్ప వెయ్యలేదు. పక్షీ కాదు. పక్షి అడ్డొస్తే చుట్టుపక్కల చుక్కలు కూడా పోతాయి. ఇదొక్కటే పోయింది.

చెప్పుకోడానికి ఎవరూ లేరు. పక్క బల్లాయనకి చెప్పాను. ఒక చెవిలో వైరు తీసి ‘అర సెకనా?’ అని మళ్ళీ పెట్టేసుకున్నాడు. వాచ్‌మన్ మాత్రం ‘మీరు చూశానన్నారంటే చూసే ఉంటారమ్మా’ అన్నాడు. కానీ అతను చంద్రుడి మీద సైకిలు తొక్కే మనిషిని కూడా చూశాడు, అతని సాక్ష్యం ఏం పనికొస్తుంది?

ఒంటరిగా చూసింది ఏదైనా కాసేపయ్యాక నాకే అనుమానంగా ఉంటోంది. మీ ఇంట్లో అలా ఉండేది కాదు. నేను పోయింది అంటే మీరూ పక్కనుంచి పోయింది అనేవారు. ఆ రాత్రి మంచం మీద పడుకుని చాలాసేపు కప్పు వంక చూస్తూ, రెప్ప వెయ్యకుండా ఎంతసేపు ఉండగలనో చూసుకున్నాను. పిచ్చిపని.

మీ గుడ్లగూబ


ప్రియమైన గుడ్లగూబా,

నువ్వు చూశానంటే చూశావు. నా వరకు ఆ మాట అక్కడితో అయిపోయింది.

కాకపోతే నేను నమ్మితే సరిపోదు, మాస్టారు రాసుకోవాలి. ఆయనకి నాలుగు తగిలించాను. ‘ఆ పిల్ల రెప్ప వెయ్యదండీ. దానికి ఆ పేరు ఊరికే పెట్టలేదు. ఇలాంటి బండల చుట్టూ బుల్లి చందమామలు తిరుగుతుంటాయని మీరేగా చెప్పారు? దీనికీ ఒకటి ఉండి, దాని నీడ ఒక్క ఆ ఊరి మీదే పడి ఉండొచ్చుగా?’ అన్నాను. ఉండొచ్చు అన్నారు. ఇంకొకళ్ళెవరైనా చూస్తే తప్ప ఒప్పుకోలేనన్నారు. ఆయన పద్ధతి ఆయనది.

చలికాలం చివర్లో అదే బండ ఇంకో నక్షత్రానికి అడ్డం వస్తుంది. నీడ మళ్ళీ మా ఊరి మీదే. మీ ఊరికి మాత్రం ఈసారి చాలా దూరం. అందర్నీ ముందునుంచీ చూడమని, అయిపోయాక కూడా వెంటనే లేవొద్దని మాస్టారు చెబుతారట. ఈసారి మబ్బొస్తే ఆ మబ్బు సంగతి నేను చూసుకుంటాను.

పెళ్ళయింది. నీ గదిలో ఆ పిల్ల బొమ్మలేసుకుంటోంది. ఇది నీకు రాయకూడదేమో. కానీ నీ దగ్గర దాచడం నాకు చేతకాదు.

నీ అత్తయ్య


ప్రియమైన అత్తయ్యకు,

నా కిందటి రెండు ఉత్తరాలకీ జవాబు లేదు. పోస్టువాడి తప్పా, మీ మోకాళ్ళ తప్పా? అంతకుముందు వచ్చినదాంట్లో కూడా వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి, హడావుడిలో రాసినట్టున్నారు. ఇంట్లో సందడిగా ఉంటుంది కదా, అర్థం చేసుకోగలను.

ఇక్కడ కొత్తగా ఏమీ లేదు. ల్యాబులో ఒక పెద్దాయన తన పళ్ళ సెట్టు తీసుకోడానికి తనే వచ్చాడు. మామూలుగా డాక్టర్లే తీసుకెళ్తారు. పెట్టుకుని అద్దంలో చూసుకుని, ‘నవ్వితే బాగుందా?’ అని నన్నడిగాడు. బాగుందన్నాను. ‘ఇంట్లో చూసి చెప్పేవాళ్ళు లేరులే, అందుకే అడిగాను’ అన్నాడు. ఆయన వెళ్ళిపోయాక చాలాసేపు పని సాగలేదు.

గదికి రాగానే రేడియో పెడతాను. పాటలు కాదు, ఆ టైము టిక్కులే. ఎవరో పక్క గదిలో ఏదో పని చేసుకుంటున్నట్టుంటుంది.

ఒక్క ముక్క రాయండి.

మీ గుడ్లగూబ


ప్రియమైన గుడ్లగూబా,

బాగానే ఉన్నాను. బెంగ వద్దు. బండ వచ్చే రోజు దగ్గరికొచ్చింది. మిగతాది తర్వాత.

అత్తయ్య


ప్రియమైన అత్తయ్యకు,

మాస్టారు నిన్న రికార్డింగు పంపారు. దాంతోపాటు చీటీ: ‘నువ్వు రెప్ప వెయ్యలేదమ్మా. నాదే పొరపాటు. ఇది విను.’ ఇంకో ఊళ్ళో ఒకాయన కెమెరాలో కూడా దొరికిందట. ఆ బండకి ఒక బుల్లి చందమామ ఉందని రాసి పంపుతున్నారు. మొదట చూసింది నేనని రాశారు.

ల్యాబు నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా విన్నాను. ముందు టిక్కులు. మీ ఇంట్లో నీళ్ళు పట్టే చప్పుడు. తర్వాత ‘పోయింది!’ కాసేపటికి ‘వచ్చింది!’

గొంతు మీది కాదు.

మళ్ళీ టిక్కులు. అప్పుడు ఆ గొంతే, ‘అయ్యో, మళ్ళీ పోయింది, వచ్చేసింది! అత్తయ్యా, మళ్ళీ పోయిందండీ!’ దాని వెనక మీరు. ‘నా తల్లే!’ అన్నారు. అక్కడితో ఆగిపోయింది.

నేను అబద్ధం చెప్పలేదని లోకంలో తేల్చిన మనిషి ఆ అమ్మాయి. సంతోషించాలి. సంతోషించాను కూడా, ‘నా తల్లే’ అనేదాకా.

మీ డాబా మీద ఆ స్టూలు ఖాళీగా ఉండాలని నేను కోరుకోలేదు. మీకొక కోడలుంది, ఆవిడకి మీరు నేర్పించారు, అందులో తప్పేముంది? కానీ ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. నా దగ్గర దాచడం చేతకాదన్నారు. నెలల తరబడి ఉత్తరాలెందుకు రాలేదో నాకిప్పుడు తెలిసింది. ఇంట్లోనే మనిషి ఉంటే ఊళ్ళు దాటి రాయాల్సిన పనేముంది?

కోపంతో రాయడం లేదు. ఇకమీద నేనూ తగ్గిస్తాను. మీరు మొహమాటపడి జవాబు రాయక్కర్లేదు.

ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
గుడ్లగూబ


ప్రియమైన గుడ్లగూబా,

ఈ అక్షరాలు నావి కావని ఈపాటికి చూసే ఉంటావు. నేను చెబుతున్నాను, ఆ పిల్ల రాస్తోంది. నేను తిట్టినచోట తిట్టినట్టే రాయమన్నాను. మొద్దూ! రాశావా అమ్మా? రాసింది.

నా కళ్ళు పోతున్నాయే.

నీకు మొదట్లో రాసిన రోజుల్లో బాగానే ఉన్నాయి. తర్వాత ఓ పొద్దున గడప వంకరగా కనపడింది. వడ్రంగిని పిలిపించాను కూడా. అతను కొలిచి చూసి, గడప తిన్నగానే ఉందమ్మా అని నవ్వి వెళ్ళాడు. ఎడమకంటికి నడిమధ్యన మసక కమ్మింది. పక్కలు కనపడతాయి, సూటిగా చూసింది కనపడదు. నేను ఏ చుక్క వంక చూస్తే ఆ చుక్కే మాయమవుతుంది. నీ ఉత్తరాలు వస్తుంటే చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిప్పి ఒక్కో మాటా ఏరుకుని చదివేదాన్ని. జవాబు రాయబోతే వరస తప్పేది. ఇంకొకళ్ళ చేత రాయిద్దామంటే మన మాటలు మన మధ్యే ఉండాలని పంతం. ఆ ‘బాగానే ఉన్నాను’ ముక్క ఒక సాయంత్రమంతా రాశాను.

ఈ పిల్ల ఎలా వచ్చిందో విను. బండ రావడానికి కొన్ని వారాల ముందు, నేను డాబా మీద ఆ నక్షత్రం కోసం తడుముకుంటున్నాను. దొరకదు. దొరికినా తెలీదు. ఇది ఆరేసిన బట్టలు తీయడానికి వచ్చింది. కాసేపు చూసి, ‘నేను చూడనా అత్తయ్యా?’ అంది. వద్దన్నాను. ‘ఆ అక్క కోసమేగా?’ అంది. ఎలా తెలుసే అంటే, ‘మీరు ఉత్తరం వచ్చిన రోజున రెండోసారి కాఫీ అడుగుతారు’ అంది. అప్పుడిక కూర్చోబెట్టాను. దీనికి చెయ్యి నిలకడ, కన్ను నిలకడ. నీ అంత కాదు. ఇది కూడా రాయవే.

నీకెందుకు చెప్పలేదంటావా? చెబితే పరిగెత్తుకొస్తావు. ఈ గుమ్మం తొక్కడం నీకు కష్టం, నిన్ను చూడ్డం వాడికి కష్టం, మధ్యలో ఈ పిల్ల బిక్కచచ్చిపోతుంది. ఎందుకదంతా?

డాక్టరుకి చూపించారు. ఎడమది ఇక రాదన్నాడు. కుడిదానికీ మొదలైందట. కంట్లో ఇంజెక్షన్లు ఇస్తే ఉన్న చూపు నిలబడొచ్చన్నాడు. ఆ ఇంజెక్షన్లిచ్చే పెద్దాసుపత్రి మీ ఊళ్ళోనే ఉంది. మా వాడు తీసుకెళ్తానంటూనే ఉన్నాడు, నేనే వాయిదాలు వేస్తున్నాను. మీ ఊళ్ళో దిగి నిన్ను చూడకుండా ఎలా వెనక్కొస్తాను? వాడితో వచ్చి నీ తలుపెలా కొడతాను? అందుకని ఇక్కడే కూర్చున్నాను. ఒక కన్ను చాలదూ?

ఉత్తరాలు తగ్గిస్తానన్నావు. తగ్గించు చూద్దాం.

నీ అత్తయ్య

అక్కా, ఇకనుంచి ఇది నేను రాస్తున్నాను, ఆవిడ చెబుతున్నది కాదు. మిమ్మల్ని అలా పిలవొచ్చో లేదో తెలీదు. ‘నా తల్లే’ అన్నది నన్ను కాదు. కంగారులో రికార్డరు ఆపేశాను. ఆ తర్వాత ఆవిడ గట్టిగా, ‘నా తల్లే, గుడ్లగూబా, నువ్వు చెప్పింది నిజమేనే’ అంటూ నా చెయ్యి పట్టుకుని ఏడ్చేశారు. ఎలా పోయింది, ఎంతసేపు పోయింది అని మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. ఆపకుండా ఉండాల్సింది. ఇంకొకటి. కుడికన్ను కూడా ఆవిడ చెప్పినదానికన్నా ఎక్కువే పాడైంది. నిన్న పొయ్యి మీది గిన్నె దించబోయి, అది కనపడక పక్కన మంట మీద చెయ్యి పెట్టారు.


ప్రియమైన అత్తయ్యకు,

ఇది మీకు చదివి వినిపిస్తున్న మనిషితో ముందు మాట్లాడాలి. మీరు కాసేపు ఊరుకోండి.

చెల్లీ, ఆ రికార్డింగు ఇవాళ మళ్ళీ విన్నాను. ‘అయ్యో, మళ్ళీ పోయింది’ అన్నావు చూడు, ఆ ‘అయ్యో’ నీకెవరూ నేర్పింది కాదు. నాకు కనపడిన రోజున నేనూ లోపల అదే అనుకున్నాను, పైకి అనలేదంతే. అంతకాలం నేనొక్కదాన్నే చూశాననుకున్నది ఇంకొకళ్ళు కూడా చూశారు. నీమీద మనసులో చాలా అనుకున్నాను. అదంతా వెనక్కి తీసుకుంటున్నాను.

నువ్వు రాసిన ఆఖరి ముక్క చదివాక ల్యాబులో సెలవడిగి ఆ ఆసుపత్రికి వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి వచ్చే నెల రమ్మంది. అక్కణ్ణుంచి కదలకపోతే లోపలికి పంపింది. మీరిద్దరూ రాసినవన్నీ డాక్టరుగారికి చెప్పాను. ఆవిడ పెన్ను పక్కన పెట్టి, ‘ఇన్ని రోజులు ఎందుకు ఆగారు?’ అంది. మొహమాటం వల్లనండీ అన్నాను. కుడికన్ను ఇంకా దక్కుతుంది కానీ వారం కూడా ఆగొద్దంది. బుధవారం పొద్దున్నకి పేరు రాయించాను. ఈ ఉత్తరం కొరియర్లో పంపుతున్నాను, రేపే అందుతుంది.

మీ ఆయన రానక్కర్లేదు. కోపంతో కాదు, అతనికీ నాకూ కూడా అదే తేలిక. నువ్వు తీసుకురా. మంగళవారం మధ్యాహ్నం బస్సెక్కితే చీకటి పడేలోపు దిగుతారు. బస్టాండులో నేనుంటాను. పాత రిపోర్టులు, ఆవిడ మోకాళ్ళ మందులు మరిచిపోకు. దారిలో మంచినీళ్ళు తాగదు, మధ్యలో దిగాల్సొస్తుందని. బలవంతంగా తాగించు. ఇంజెక్షన్లు నెలకొకసారి ఉంటాయట. నీకు బడి ఉన్నప్పుడు అక్కడ బస్సెక్కించు చాలు, ఇక్కడ నేను దింపుకుంటాను.

అత్తయ్యా, ఇప్పుడు మీరు వినండి. నా గదిలోకి ఇంతవరకు మనిషి రాలేదు. నిన్న గ్లాసులు కొనడానికి వెళితే షాపాయన ‘ఎన్నమ్మా?’ అన్నాడు. మూడు అన్నాను. పైకి అలా అన్నది నాకే కొత్తగా వినిపించింది. మంచం మీకు. చెల్లీ నేనూ కింద పడుకుంటాం. టైర్ల వాసన మొదట కాస్త ఇబ్బంది పెడుతుంది, తర్వాత తెలీదు. చూపు మళ్ళీ పూర్తిగా వస్తుందని నేను అబద్ధం చెప్పను, డాక్టరుగారూ చెప్పలేదు. రాకపోతే ఉత్తరాలు చదివి పెట్టేవాళ్ళున్నారు. రాసేదాన్ని నేనెలాగూ ఉన్నాను.

చెల్లీ, ఈ మాట దగ్గర ఆవిడ ‘ఇప్పుడెందుకులే, వచ్చే నెల చూద్దాం’ అనే ఉంటుంది. వినిపించుకోకు. ఉత్తరం మడిచి లోపల పెట్టి, ముందు సంచి సర్దు.

బస్టాండులో ఎదురుచూస్తూ,
గుడ్లగూబ